ప్యాకేజీ టూరా, సొంత ప్రయాణమా? – శ్రీలంక అనుభవాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో సంఘం తరఫున ఒక విదేశీ యాత్ర చేద్దామని కార్యవర్గం అనుకున్న సంగతి మీకు తెలుసు. దగ్గరి దేశం, చెన్నై నుంచి విమానంలో గంటన్నర లోపే, గడియారం ముల్లు కూడా మార్చుకోనక్కర్లేదు అని శ్రీలంక పేరు వచ్చింది. అప్పటినుంచీ మన వాట్సాప్ గ్రూపులో రెండు పార్టీలు తయారయ్యాయి. ప్యాకేజీ టూరులో పోతే నిశ్చింత అని ఒక పార్టీ. గొర్రెల మందలా ఎందుకు, మనమే పోదాం అని ఇంకో పార్టీ. నేను రెండు రకాలుగానూ అక్కడికి వెళ్ళొచ్చాను. 2017 జనవరిలో మా అమ్మను తీసుకుని ప్యాకేజీ టూరులో వెళ్ళాను. 2023 ఫిబ్రవరిలో మా ఆవిడా నేనూ సొంతంగా వెళ్ళాం. అందుకని అధ్యక్షులవారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు.

నేను ముప్పై ఏళ్ళుగా నీటిపారుదల శాఖలో పనిచేస్తున్నవాణ్ణి. నాకు ఈ రెండు పద్ధతులూ మా శాఖలో పనులు చేయించే రెండు పద్ధతుల్లాగే కనిపిస్తాయి. ఒకటి, పని మొత్తం ఒకే రేటుకు కాంట్రాక్టు ఇవ్వడం. సిమెంటు రాకపోయినా, వాన పడినా తంటాలు కాంట్రాక్టరువి. కానీ అగ్రిమెంటు మీద సంతకం అయ్యాక, తూము పది గజాలు ఇవతల పెడితే బాగుండును అనిపించినా పెట్టలేం. రెండోది, మనమే మనుషుల్ని పెట్టి దగ్గరుండి చేయించుకోవడం. ఏ రోజుకారోజు మార్పులు చేసుకోవచ్చు. కానీ ఏది తేడా వచ్చినా మన నెత్తినే. ఖర్చు, సరదా, గౌరవం అన్నీ తర్వాతి మాటలు. అనుకోనిది జరిగితే దాన్ని మోసేదెవరు? ముందు తేల్చుకోవలసింది ఇదీ.

వేడి దేశాల్లో ఈ ప్రశ్నకు విలువ ఇంకా ఎక్కువ. శ్రీలంక చూడ్డానికి చిన్న దీవే గానీ దానికి రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనం కొలంబో, గాల్ తీరాన్నీ కొండప్రాంతాన్నీ తడుపుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనం త్రికోణమలై వైపు తీరం మీద పడుతుంది. మనవాళ్ళు పిల్లల సెలవులు చూసుకుని మే నెలలో బయల్దేరతారు. ఆ నెలలో నైరుతి తీరంలో సముద్రంలో దిగడం ప్రమాదం. ప్యాకేజీ పత్రంలో మాత్రం 'బీచ్ విహారం' అని పన్నెండు నెలలూ ఒకే అక్షరాల్లో ఉంటుంది. కాబట్టి ఏ పద్ధతిలో వెళ్ళినా నెల మాత్రం మనమే ఎంచుకోవాలి. కొండలూ నైరుతి తీరమూ చూడాలంటే జనవరి నుంచి మార్చి వరకు అనువైన కాలం.

ఇక ప్యాకేజీ గురించి ముందు మంచి చెబుతాను. అప్పటికి మా అమ్మకు 76 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు, షుగరు, ఇంగ్లీషు రాదు, గుడ్డు కూడా తగలకూడని తిండి. శ్రీలంకలో భోజనం మన నోటికి కొత్తేమీ కాదు. అన్నం, పప్పు, కొబ్బరి, ఇడియాప్పం, అప్పం అన్నీ ఉంటాయి. అయితే 'పోల్ సంబోల్' అనే కొబ్బరి పచ్చడిలో చాలాచోట్ల ఎండుచేప పొడి కలుపుతారు. చూడ్డానికి అచ్చం మన కొబ్బరికారం. అడగకుండా వేసుకుంటే అంతే సంగతులు. మా టూరువాళ్ళు వంటవాళ్ళను వెంట తెచ్చారు. ఆరు రోజులూ అమ్మ కొలంబోలోనూ కాండీలోనూ చారన్నమే తిన్నది.

కాండీలో రెండో రాత్రి అమ్మకు చలిజ్వరం వచ్చింది. రాత్రి పదకొండు గంటలకు టూరు మేనేజరు తలుపు కొట్టి, "అమ్మగారూ, కారు కింద ఉంది, పదండి" అన్నాడు. ఆసుపత్రి ఎక్కడో, ఏ డాక్టరు ఉంటాడో నేను వెతుక్కోలేదు. తెల్లవారి ఆరింటికి బస్సు మిగతావాళ్ళతో నువర ఎలియకు వెళ్ళిపోయింది. ఇంకో కుర్రాణ్ణి మా దగ్గర ఉంచి, మధ్యాహ్నం జ్వరం తగ్గాక కారులో మమ్మల్ని అక్కడ కలిపారు. ఆ సాయంత్రం అమ్మ నువర ఎలియ దగ్గరి సీతమ్మ గుడి పక్కన వాగు ఒడ్డున అరగంట కూర్చుంది. అమ్మ జీవితంలో చూసిన విదేశం అదొక్కటే. మూడేళ్ళ క్రితం కాలం చేసింది. సొంత ప్రయాణమైతే ఆమెను తీసుకెళ్ళడానికి నాకు ధైర్యం చాలేది కాదు. ప్యాకేజీ టూర్లను ఎవరైనా తీసిపారేస్తుంటే నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది.

మంచి గైడు దొరికితే ఇంకో లాభం. కాండీని ఆఖరున ఏలిన నలుగురు రాజులు మదురై నాయకుల బంధువర్గం వారని, ఆ వంశం మూలాలు తెలుగువని, 1815లో ఇంగ్లీషువాళ్ళు రాజ్యం తీసుకున్నది వాళ్ళ దగ్గరినుంచేనని మా గైడు చెబుతుంటే బస్సంతా నిశ్శబ్దమైపోయింది.

ఇప్పుడు రెండో వైపు. అదే టూరులో మాతలే దారిలో సుగంధ ద్రవ్యాల తోటలో గంటన్నర ఆపారు. రత్నాల దుకాణంలో ఇంకో గంట. సిగిరియాకు వచ్చేసరికి టైము లేదన్నారు. రోడ్డు మీదినుంచి ఫొటో తీసుకుని బస్సెక్కాం. పత్రంలో రాసింది 'సిగిరియా దర్శనం'. దర్శనం అయింది కదా! కొండ ఎక్కిస్తామని వాళ్ళు రాయలేదు. పత్రం చదివేటప్పుడు చూడటం, ఎక్కడం, లోపలికి వెళ్ళడం అనే మూడు మాటలకూ తేడా గమనించండి. తోటలు, దుకాణాలు ఎన్నో కూడా ముందే అడగండి. టూరు రేటు తక్కువగా ఉన్నప్పుడు ఆ తగ్గింది సాధారణంగా అక్కడే రాబట్టుకుంటారు.

2023లో మేమిద్దరం ఒక కారూ డ్రైవరునూ మాట్లాడుకుని వెళ్ళాం. ఆ దేశంలో ఇది బాగా అలవాటైన పద్ధతి. డ్రైవరే సగం గైడు. అప్పటికి ఆర్థిక సంక్షోభం పూర్తిగా తీరలేదు. పెట్రోలు క్యూఆర్ కోడు మీద వారానికింత అని ఇస్తున్నారు. ఆ లెక్కలు డ్రైవరు చూసుకున్నాడు. రైలు మాత్రం మాకే వదిలేశారు. రిజర్వేషన్ సీట్లు అప్పటికే అయిపోయాయి. నాను ఓయ నుంచి ఎల్ల దాకా దాదాపు మూడు గంటలు తలుపు దగ్గర నిలబడి వెళ్ళాం. తేయాకు తోటలు బాగా కనిపించాయి, నడుములూ బాగా పట్టేశాయి.

పొద్దున్నే ఎండ ముదరకముందే సిగిరియా ఎక్కాం. దాదాపు 1200 మెట్లు. ఐదో శతాబ్దంలో కశ్యపుడనే రాజు ఆ బండమీద కోట కట్టుకున్నాడు. తండ్రి ధాతుసేనుణ్ణి చంపించి రాజైనవాడు. చూళవంశం అనే సింహళ చరిత్ర గ్రంథంలో ఈ కథ ఉంది. దాచిన ధనం ఎక్కడుందో చూపించమని కొడుకు ఒత్తిడి చేస్తే, ధాతుసేనుడు తాను తవ్వించిన కాలావెవ చెరువు దగ్గరికి వెళ్ళి, ఆ నీళ్ళు చూపించి, నాకున్న ధనం ఇంతే అన్నాడట.

ఆ చెరువు సిగిరియా నుంచి కారులో గంటకు అటూ ఇటూగా ఉంటుంది. మేం వెళ్ళిన టూరులో అది లేదు. నేను తర్వాత చూసిన ప్యాకేజీ పత్రాల్లోనూ లేదు. డ్రైవరుకు కథ చెప్పి అటు పోనిమ్మన్నాను. అతను కాస్త వింతగా చూసి బండి తిప్పాడు. పదిహేను వందల ఏళ్ళ నాటి చెరువు ఇప్పటికీ పొలాలు తడుపుతోంది. ఇప్పుడు మహావేలి నీళ్ళు కూడా వచ్చి కలుస్తాయి. అక్కడినుంచి అనురాధపురానికి యోధ ఎల అని 87 కిలోమీటర్ల పాత కాలువ ఉంది. దాని మొదటి 27 కిలోమీటర్లలో వాలు కిలోమీటరుకు సుమారు 10 సెంటీమీటర్లు! లెవెలింగ్ యంత్రం చేతిలో ఉండి కూడా అంత సన్నని వాలు నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను కట్టమీద మూడు గంటలున్నాను. మా ఆవిడ తంబిలి బోండాలు రెండు తాగి, చెట్టుకింద ఒక కునుకు తీసింది. ముప్పై ఎనిమిది మంది ఉన్న బస్సును నాకోసం అక్కడ మూడు గంటలు ఆపమంటే ఎవరూ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

అందువల్ల నా సలహా ఏమిటంటే, బయల్దేరేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, మనలో అందరికంటే ఓపిక తక్కువైనవాళ్ళెవరు? ప్రయాణం వాళ్ళను బట్టి ఉండాలి. రెండు, ఎక్కడైనా గంటలకొద్దీ ఉండిపోవాలని మనసులో ఉందా? ఉంటే ప్యాకేజీలో అది కుదరదు. మూడు, అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఫోను ఎవరికి చేస్తాం? ఈ మూడోదానికి జవాబు లేకుండా, అరవై దాటినవాళ్ళతో సొంత ప్రయాణం పెట్టుకోవద్దు.

మన సంఘం విషయానికొస్తే రెండు పార్టీల్లో దేన్నీ గెలిపించనక్కర్లేదు. ముప్పై మందిమి ఉంటే బస్సు మొత్తం మనమే మాట్లాడుకోవచ్చు. బస్సు, హోటళ్ళు, వంట, మేనేజరు, వైద్యం బాధ్యత ఒక టూరు సంస్థకు అప్పగిద్దాం. ఎక్కడికి వెళ్ళాలి, ఎంతసేపు ఉండాలి అన్నది మనం రాసి ఇద్దాం. ఏ ఊళ్ళోనైనా రెండు రాత్రులకు తగ్గకుండా ఉందాం. దుకాణాలు వద్దని ఒప్పందంలోనే రాయిద్దాం. మూడో రోజు మధ్యాహ్నం ఏ కార్యక్రమమూ పెట్టొద్దు. కొండ ఎక్కగలవాళ్ళు ఎక్కుతారు, మిగతావాళ్ళు నీడన కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు.

అనురాధపురానికి మాత్రం ఒక రోజు పూర్తిగా ఇవ్వమని నా కోరిక. పదో తరగతిలో ఆర్టీసీ బస్సులో నాగార్జునసాగర్ వెళ్ళినప్పుడు, నాగార్జునకొండలో దొరికిన మూడో శతాబ్దపు శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉందని మన సోషల్ మాస్టారు చెప్పారు. ఆ దీవినుంచి భిక్షువులు మన కృష్ణ ఒడ్డుకు వచ్చేవారని అప్పుడే విన్నాం. ఆ పాఠం చెప్పిన మాస్టారు ఈ వేదిక మీదే ఉన్నారు. అనురాధపురంలో బోధివృక్షం దగ్గర నిలబడి ఆయన చేత మిగతా సగం పాఠం చెప్పించుకోవాలని ఉంది. అది ఏ గైడూ చెప్పలేడు.

గురువులు ముందు పేర్లు ఇవ్వండి. మిగతా కార్యక్రమం మీ మోకాళ్ళను బట్టి మేం వేసుకుంటాం. సెలవు.