స్పిరిట్ లీడర్ అంటే ఏంటి? కాథలిక్ బాయ్స్ స్కూల్లో మా వాడు నేర్చుకున్న పాఠం

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది ఒకటే అడిగారు: "మీరు క్రైస్తవులు కాదు కదా, అబ్బాయిని కాథలిక్ స్కూల్లో ఎందుకు చేర్చారు?" అని. దాని మీద ఇంకోసారి వివరంగా మాట్లాడతాను. ఇవాళ ఆ స్కూల్లో జరిగిన ఒక్క సంగతే చెప్తాను. స్కూలు పేరు, ఊరి పేరు చెప్పను, ఏమీ అనుకోకండి. మా వాడిని అడిగే చెప్తున్నాను.

మా వాడు పదకొండో తరగతి చివర్లో ఒకరోజు ఇంటికొచ్చి, "అమ్మా, నన్ను స్పిరిట్ లీడర్‌గా తీసుకున్నారు" అన్నాడు. కాథలిక్ స్కూలు కదా, స్పిరిట్ అంటే పరిశుద్ధాత్మ, ఏదో ప్రార్థన బృందం అనుకున్నాను నేను. "మంచిదే నాన్నా, రోజూ ప్రేయర్ చేయించాలా?" అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఇక్కడ హైస్కూల్ మ్యాచ్ అంటే ఊరి జాతరలా ఉంటుంది. ఆగస్టు నుంచి నవంబర్ దాకా శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్, చలికాలం వచ్చిందంటే జిమ్‌లో బాస్కెట్‌బాల్. పిల్లలందరూ ఒకచోట గుంపుగా నిలబడతారు, దాన్ని స్టూడెంట్ సెక్షన్ అంటారు. కూర్చోవడం అనేదే ఉండదు. ముందు వరసల్లో సీనియర్లు, వెనకాల చిన్న తరగతుల వాళ్ళు. ఒకరోజు అందరూ తెల్ల చొక్కాలు, ఇంకోరోజు బీచ్‌కి వెళ్ళినట్టు పూల చొక్కాలు, మంచు పడుతున్నా సరే ఒంటికి రంగులు పూసుకుని చొక్కాల్లేకుండా నిలబడేవాళ్ళు కొందరు. ఈ గుంపు మొత్తాన్ని నడిపించేది నలుగురైదుగురు సీనియర్లు. ఏ రోజు ఏ రంగు, ఎప్పుడు ఏ నినాదం అన్నీ వాళ్ళే చూసుకోవాలి. కొత్తగా చేరిన తొమ్మిదో తరగతి పిల్లలకి స్కూలు పాట, నినాదాలు నేర్పాలి. గెలిచినా ఓడినా చివర్లో అందరూ భుజాల మీద చేతులేసుకుని స్కూలు పాట పాడేదాకా ఎవర్నీ కదలనివ్వకూడదు. సిన్సినాటి లాంటి ఊళ్ళలో అయితే ఎల్డర్, మోలర్, సెయింట్ జేవియర్, లసాల్ అని నాలుగు కాథలిక్ బాయ్స్ స్కూళ్ళున్నాయి. వాటి మధ్య మ్యాచ్ అంటే తాతలు, తండ్రులు, మనవలు అందరూ స్టేడియంలోనే ఉంటారు.

మా వారికి ఇది అస్సలు నచ్చలేదు. "ఇంత ఫీజు కట్టేది అరవడానికా?" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. గుంటూరులో మా అన్నయ్య చదివింది కూడా మిషన్ వాళ్ళ బాయ్స్ స్కూలే. అక్కడ లీడర్ అంటే ఎస్పీఎల్. ఇస్త్రీ చొక్కా, బ్యాడ్జీ, మొదటి ర్యాంకు. ఫాదర్ గారు చెప్పింది వినేవాడు, మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేవాడు. అరిచేవాడు లీడర్ కాదు, పేరు రాయించుకునేవాడు!

తర్వాత కొంచెం చదివాను. ఈ చీర్ లీడింగ్ అనేది అసలు మగపిల్లల పనేనంట. 1898లో మిన్నెసోటా యూనివర్సిటీలో జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి గుంపు ముందుకొచ్చి అరిపించడంతో మొదలైంది. అక్కడే 1923లో ఆడపిల్లలు చేరారు. ఐసెన్‌హోవర్ ఉన్నారు చూడండి, తర్వాత ప్రెసిడెంట్ అయినాయన, వెస్ట్ పాయింట్‌లో ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు పోగొట్టుకుని చీర్ లీడర్ అయ్యారు. జార్జ్ డబ్ల్యూ బుష్ కూడా బోర్డింగ్ స్కూల్లో హెడ్ చీర్ లీడర్. ఇదంతా మా వారికి చెప్తే, "అయితే మనవాడు ప్రెసిడెంట్ అవుతాడంటావ్" అన్నారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఫిబ్రవరిలో ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్. మేమిద్దరం వెళ్ళాం. అవతలి జట్టులో ఒక భారతీయ అబ్బాయి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, చాలా బాగా ఆడుతున్నాడు. రెండో సగంలో ఆ అబ్బాయి ఫ్రీ త్రో వేయడానికి నిలబడ్డాడు. మా స్కూలు గుంపులోంచి ఎవడో "టెక్ సపోర్ట్! టెక్ సపోర్ట్!" అని మొదలుపెట్టాడు. క్షణాల్లో వందమంది అందుకున్నారు. చప్పట్లు, కాళ్ళతో బల్లల మీద దరువు. ఆ అబ్బాయి రెండు త్రోలూ మిస్సయ్యాడు. గుంపంతా ఎగిరి గంతులేసింది.

నేను మా వాడి వైపు చూశాను. ముందు వరసలోనే ఉన్నాడు. చప్పట్లు కొడుతున్నాడు, నవ్వుతున్నాడు. ఆ నవ్వు నాకు తెలుసండి. లోపల బాగోలేనప్పుడు నవ్వే నవ్వు అది. అవతలి వైపు కుర్తా మీద కోటు వేసుకున్న ఒకావిడ కూర్చుని ఉంది, ఆ అబ్బాయి తల్లే అయ్యుండాలి. తల వంచుకుని ఫోన్ చూసుకుంటోంది. ఫోన్‌లో ఏమీ చూడట్లేదని నాకు అర్థమైంది.

ఇంటికొచ్చేటప్పుడు కార్లో ఎవరం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక వాడే అన్నాడు: "నేను మొదలుపెట్టలేదమ్మా." "మరి ఆపావా?" అన్నాను. చాలాసేపటికి చెప్పాడు: "నేను ఆపితే, వీడు ఇండియన్ కాబట్టి ఫీలయ్యాడు అనుకుంటారు. ఆ తర్వాత అది నా మీదకే వస్తుంది." నాలుగేళ్ళుగా వాడు ఆ గుంపులో ఒకడు కావడానికి ఎంత కష్టపడ్డాడో నాకు అప్పుడు తెలిసింది.

తిడదామనుకున్నాను, నోరు రాలేదు. ఎందుకంటే నేను మాత్రం ఏం చేశాను? లేచి అవతలి వైపుకెళ్ళి ఆవిడ పక్కన ఓ రెండు నిమిషాలు కూర్చోలేకపోయాను. మా వాడి స్కూలు తల్లులు ఏమనుకుంటారో అని నేనూ కదల్లేదు.

సోమవారం స్కూలు వాళ్ళు నలుగురు లీడర్లనీ పిలిచారు. ఇలాంటివి ఇక్కడ చాలాచోట్ల జరిగాయి. 2016లో మాసచూసెట్స్‌లో ఒక కాథలిక్ బాయ్స్ స్కూలు పిల్లలు, యూదు పిల్లలు ఎక్కువగా ఉన్న స్కూలుతో మ్యాచ్‌లో, యేసుని చంపింది మీరే అనే అర్థం వచ్చేలా అరిచారు. ముందు అవతలివాళ్ళు వీళ్ళని మగపిల్లల స్కూలని ఎగతాళి చేశారంట. అయినా సరే, అది దేశమంతా వార్త అయింది, స్కూలు క్షమాపణ చెప్పింది.

మా స్కూల్లో డీన్ గారు పెద్దగా కేకలేయలేదు. జెస్యూట్ స్కూళ్ళలో ఒక మాట ఎక్కువగా వాడతారు, ఇతరుల కోసం బతికే మనుషులు అని. 1973లో ఫాదర్ పెడ్రో అరూపె స్పెయిన్‌లో తమ పూర్వ విద్యార్థులకి చేసిన ప్రసంగం నుంచి వచ్చిందది. మా వాడి టీ షర్టు మీద కూడా ఉంది. డీన్ గారు ఆ టీ షర్టు చూపించి, "ఆ ఇతరుల్లో అవతలి జట్టు లేదా?" అని మాత్రం అడిగారంట. తర్వాత రెండు మ్యాచ్‌లు ముందు వరస ఖాళీ. నలుగురూ అవతలి స్కూలుకెళ్ళి ఆ అబ్బాయిని కలిసి సారీ చెప్పాలి. ఉత్తరం కాదు, ఎదురుగా.

వెళ్ళొచ్చాక మా వాడు చెప్పింది ఒకటే. ఆ అబ్బాయి మిగతా ముగ్గురికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి పర్వాలేదన్నాడు. మా వాడి దగ్గరకొచ్చేసరికి, "నువ్వు కూడానా?" అన్నాడంట. అంతే. ఆ రాత్రి మా వాడు అన్నం తినలేదు.

సీజన్ చివరి మ్యాచ్‌కి మళ్ళీ ముందు వరసలోకి రానిచ్చారు. అవతలి జట్టులో కొంచెం లావుగా ఉన్న పిల్లాడొకడు. వెనక నుంచి ఎవరో తిండి గురించి ఏదో మొదలుపెట్టారు. ఈసారి మా వాడు ఆట వైపు వీపు పెట్టి, గుంపు వైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తి స్కూలు నినాదం అందుకున్నాడు. మొదట వాడొక్కడి గొంతే వినిపించింది. బొంగురుపోయింది కూడా. తర్వాత పక్కనున్న ముగ్గురు కలిశారు. తర్వాత తొమ్మిదో తరగతి పిల్లలు, వాళ్ళకి ఆ నినాదం నేర్పింది వీడే కదా. అరనిమిషంలో ఆ వెక్కిరింత ఎక్కడుందో తెలియలేదు.

తర్వాత అడిగితే చెప్పాడు: "గుంపుని ఆపండి అంటే ఎవరూ ఆపరమ్మా. ఇంకోటి అంతకంటే గట్టిగా మొదలుపెట్టాలి." ఏ పుస్తకంలో దొరుకుతుందండి ఈ పాఠం? ఆ మ్యాచ్‌లో చివరి ఐదు నిమిషాలు వాడు ఆటే చూడలేదు. స్కోరు ఎంతని నన్నే అడిగాడు.

ఇప్పుడు వాడు కాలేజీలో ఉన్నాడు. మా వారు ఎవరైనా అడిగితే "స్పిరిట్ లీడర్ చేశాడండి" అని చెప్తున్నారు, అదేంటో కూడా ఓపిగ్గా వివరిస్తున్నారు. మన పిల్లల్ని లీడర్ అవ్వమని అందరం చెప్తాం. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి బాగుంటుందని కూడా చెప్తాం. కానీ వందమంది ఒక తప్పు చేస్తుంటే ఏం చేయాలో ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడామా? నేనైతే మాట్లాడలేదు. ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్కసారి అడిగి చూడండి. పిల్లలు చెప్పే జవాబు వినండి, మధ్యలో అడ్డం రాకండి.

ఇక నా సంగతి. మొన్న ఒక మ్యాచ్‌కి ఊరికే వెళ్ళాను. అవతలి వైపు ఒకావిడ ఒక్కతే కూర్చుని ఉంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడది నెల్లూరంట.