ఎర్ర సిగ్నల్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యాలి?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాఫ్ట్‌వేర్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మనలో చాలామందిమి కోడు రాయం. కానీ యూనిట్‌కి కొత్త ప్యాకేజీ వస్తోందంటే, "మీకేం కావాలో రాసివ్వండి" అనే కాగితం వచ్చేది మన టేబుల్ మీదికే. ఆ రాసిచ్చేదాన్నే ఫంక్షనల్ రిక్వైర్‌మెంట్స్ అంటారు. ఏ పరిస్థితిలో, ఏ సమాచారం అందితే, సిస్టమ్ ఏం చెయ్యాలి? అంతే సంగతి.

బిలాస్‌పూర్ దగ్గరి లాల్‌ఖదాన్ పేరు మీకు గుర్తుండే ఉంటుంది. 2025 నవంబరు 4 సాయంత్రం, గేవ్రా రోడ్ నుంచి వస్తున్న మెము రైలు ముందు ఆగి ఉన్న గూడ్సును వెనకనుంచి గుద్దింది. లోకో పైలట్‌తో సహా పదిమందికి పైగా పోయారు. మెము ఎర్ర సిగ్నల్ దాటి వచ్చిందని రైల్వే ప్రాథమికంగా చెప్పింది. బిలాస్‌పూర్ రైల్వే ఊరు, తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. ఆ రాత్రి అక్కడికి ఫోన్లు చేసినవాళ్లు ఈ హాల్లోనూ ఉండే ఉంటారు.

అలాంటప్పుడు తనంతట తానే బ్రేకు వేసే సాఫ్ట్‌వేర్ కావాలి. రిక్వైర్‌మెంట్ ఏమని రాస్తారు? "ఎర్ర సిగ్నల్ దాటనివ్వరాదు" అని నేనైతే రాసేసేవాణ్ణి. తప్పు! ఆటోమేటిక్ సిగ్నళ్లున్న లైన్లో ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగి, పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు చూసి, అడ్డంకి కనబడితే ఆపగలిగేంత నెమ్మదిగా ముందుకు పోవచ్చని రైల్వే నియమమే ఉంది. నా వాక్యం ప్రకారం కట్టిన యంత్రం లైనంతా స్తంభింపజేస్తుంది. రెండో వారానికి దాని స్విచ్ ఎలా ఆపాలో అందరూ నేర్చుకుంటారు.

కాబట్టి విడగొట్టి రాయాలి. ఆగకుండా వస్తుంటే ఒకటి, ఆగి బయల్దేరితే ఒకటి, రేడియో సంబంధం తెగితే ఇంకొకటి. మరి సిగ్నలే చెడిపోతే? 2023 అక్టోబరు 29న మన విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజరు పలాస ప్యాసింజరును గుద్దింది. చెడిపోయిన రెండు ఆటో సిగ్నళ్లను నియమం పాటించకుండా దాటిందని ప్రాథమిక విచారణలో తేలింది. అంతా సవ్యంగా ఉన్నప్పటి సంగతి ఎవరైనా రాస్తారు. అసలు పని ఈ "మరి" దగ్గరే మొదలవుతుంది.

"కవచ్" ఈ పనికే పుట్టింది. ఆర్‌డీఎస్‌వో ఆధ్వర్యంలో, మన హైదరాబాదు కంపెనీలూ చేయివేసి తయారుచేసినది. లాల్‌ఖదాన్ సెక్షన్‌కి అప్పటికి అది రాలేదు. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్ గుల్లగూడ–చిట్గిడ్డ మధ్య రైల్వే మంత్రి ఇంజనులో ఉండగా పరీక్షించారు. ఎదుట మరో ఇంజను. దానికి 380 మీటర్ల ముందే బండి తానే ఆగిపోయింది. లూప్ లైన్లోకి వెళ్తుంటే వేగం 60 నుంచి 30కి తానే తగ్గించుకుంది. "సురక్షితంగా నడపాలి" అని రాస్తే ఇలా పరీక్షించగలమా? అంకె ఉంటేనే పాసో ఫెయిలో తేలేది.

ఇంకోటి. ఆ కాగితం ఒక్కసారితో అయిపోదు. దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్లు నడిపి చూశాక, 2024 జూలైలో కవచ్ 4.0 స్పెసిఫికేషన్ వచ్చింది. బండి ఎక్కడుందో మరింత కచ్చితంగా తెలియడం, పెద్ద యార్డుల్లో సిగ్నల్ సమాచారం మెరుగ్గా అందడం అందులో చేరాయి.

మనవాళ్ల అలవాటు తెలుసుగా, నాలుగు బ్రోచర్లు ముందేసుకుని అన్నింట్లో మంచివన్నీ ఏరి రాస్తాం! ఈసారి కాగితం వస్తే ముందు స్టోర్లో కూర్చునే క్లర్కును పిలవండి. నెట్ పోతే ఇష్యూ ఎలా చేస్తావు, తప్పు నంబరు కొడితే ఎలా దిద్దుతావు అని అడిగి, అతను చెప్పింది అతని మాటల్లోనే రాసుకోండి. భోజనాలకు పిలుస్తున్నారు, ప్రశ్నలుంటే అక్కడే మాట్లాడుకుందాం.