మతం మాటున చమురు
(గోదావరిఖని మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇస్లాంకూ పాశ్చాత్య దేశాలకూ ఎందుకమ్మా ఈ పగ?" అని ఇందాక ఒక అక్క నన్నడిగింది. బొగ్గు కోసం ఊళ్లు పోవడం చూసిన మనకు ఆ సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది.

1951లో ఇరాన్ చమురును జాతీయం చేసిన మొసాదిక్ ప్రభుత్వాన్ని 1953లో అమెరికా, బ్రిటన్ కూలదోయించాయి. ఆయన మతఛాందసుడేం కాదు. 1980లలో సోవియట్ సేనలతో పోరాడిన అఫ్ఘాన్ ముజాహిదీన్లకు అమెరికాయే ఆయుధాలిచ్చింది. అప్పుడు మతం అడ్డురాలేదు. 2001 యుద్ధంలో మాత్రం అఫ్ఘాన్ స్త్రీల విముక్తి గుర్తుకొచ్చింది! 2020లో దోహాలో తాలిబన్లతో ఒప్పందం కుదిరినప్పుడు ఆ స్త్రీలను అడిగినవారు లేరు. 2021లో తాలిబన్లు తిరిగొచ్చి, ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి మూశారు.

బురఖా వెయ్యమనేవాడూ, తియ్యమనేవాడూ ఆమెను అడగడు. మన బస్తీలో ముస్లిం చెల్లెలి వైపు ఎవరైనా వేలు చూపితే, మనం ఆమె పక్కన నిలబడాలి. ముందు ఆమె మాట వినాలి.