ఓడిన పందెం తర్వాత

(వార్షిక దాతల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద మేము పిల్లల ఫీజుల గురించి, వితంతువుల పింఛన్ల గురించి, రంజాన్ రేషన్ గురించి లెక్క చెబుతుంటాము. ఆ లెక్కలన్నీ ఈ సంచికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఈసారి ఇంకొక సంగతి మీ ముందు పెట్టాలనుకున్నాము. మాకు వచ్చే దరఖాస్తుల్లో కొన్నింటి మీద "వ్యాపారంలో నష్టం" అని ఉంటుంది. కూర్చోబెట్టి నిదానంగా అడిగితే క్రికెట్ బెట్టింగ్ బయటపడుతుంది. దరఖాస్తు తెచ్చేది తండ్రో, భార్యో. డబ్బు పోగొట్టుకున్న మనిషి గడప అవతల నిలబడి ఉంటాడు, లోపలికి రాడు.

జూదం హరామ్ అని ఈ హాల్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. దివ్యఖుర్ఆన్‌లో సూరా బఖరాలోనూ, సూరా మాయిదాలోనూ మద్యంతో పాటే జూదం ప్రస్తావన వస్తుంది. జుమా ఖుత్బాల్లోనూ వింటున్నాం. అది ఆడకముందు చెప్పాల్సిన మాట. ఆడి ఓడిపోయినవాడికి ఆ రాత్రి ఏం చెప్పాలి? మరునాడు ఏం చేయించాలి? మీరిచ్చే సొమ్ము అందులో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు? ఈ రోజు ఈ మూడింటి గురించే మాట్లాడుకుందాం.

మొదటి పందెంలో పోయేది ఐదు వందలో, వెయ్యో. దాన్ని రాబట్టుకోవడానికి వేసే పందేలే ఇల్లు కూలుస్తాయి. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మనకొక సామెత ఉంది. ఉంగరం పోతే ఆ మాట నిజమే, అది పడినచోటే ఉంటుంది. పందెంలో పోయిన డబ్బు మాత్రం అప్పటికే ఇంకొకరి జేబులోకి వెళ్ళిపోయింది. అక్కడ వెతకడమంటే ఇంకొంత పారేసుకోవడమే. ధర్మరాజు కథ మన ఊళ్ళలో అందరికీ తెలుసు. మొదటి జూదంలో సర్వం పోతే ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చి పంపాడు. మళ్ళీ పిలుపు రాగానే మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆట తెచ్చినవే.

చదువుకున్నవాళ్ళు కూడా ఇందులో ఎలా పడతారని మీరు అడగవచ్చు. మనిషి మనసు తీరే అలాంటిది. వంద రూపాయలు వస్తే కలిగే సంతోషం కంటే వంద పోతే కలిగే బాధ పెద్దదని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. పోయినదానితో రాజీపడలేని మనిషి, మామూలుగా అయితే ఒప్పుకోని పందేనికి కూడా ఒప్పుకుంటాడని వారు గమనించారు. అంటే ఓడిన వెంటనే తీసుకునే నిర్ణయం అన్నింటికన్నా చెడ్డ నిర్ణయం. ఆ గంట గడిచేలా చూడటమే కోలుకోవడంలో మొదటి మెట్టు.

ఇక లెక్కకు వద్దాం. మా దగ్గరికి వచ్చే యువకులకు కాగితం, పెన్ను ఇచ్చి ఈ లెక్క వాళ్ళ చేతనే వేయిస్తాము. వంద కాస్తే గెలిచినప్పుడు తొంభై వస్తుంది, ఓడితే వంద పోతుంది అనుకుందాం. వంద పందేల్లో సరిగ్గా సగం గెలిచినా వచ్చేది 4,500, పోయేది 5,000. ఆట బాగా తెలిసినవాడైనా, నూటికి 53 గెలిస్తేనే కాస్త మిగులుతుంది. ఓడిన ప్రతిసారీ రెట్టింపు కాస్తే ఎప్పుడో ఒకప్పుడు మొత్తం వచ్చేస్తుందని కొందరి నమ్మకం. 500తో మొదలుపెట్టి వరసగా ఆరు ఓడితే 31,500 పోతాయి. ఏడోసారి 32,000 కాయాలి. గెలిస్తే వచ్చేది 28,800. గెలిచిన తర్వాత కూడా 2,700 నష్టమే! 2025 ఐపీఎల్ షెడ్యూల్‌లో 74 మ్యాచ్‌లున్నాయి. అంత పొడవు సీజన్‌లో వరసగా ఆరు ఓడటం ఎవరికైనా జరగగలిగేదే.

టెలిగ్రామ్‌లో "పక్కా ప్రిడిక్షన్" అంటూ నడిచే గ్రూపుల లెక్క కూడా ఇంతే. 1,024 మందిలో సగం మందికి ఒక జట్టు పేరు, మిగతా సగానికి రెండో జట్టు పేరు పంపిస్తారు. తప్పు చెప్పినవారిని వదిలేసి, సరిగ్గా చెప్పినవారిని మళ్ళీ సగం చేస్తారు. ఐదు మ్యాచ్‌ల తర్వాత 32 మంది మిగులుతారు. వాళ్ళ కళ్ళకు ఆ గ్రూపు ఐదుకు ఐదు సరిగ్గా చెప్పినట్టే కనిపిస్తుంది. ఆరో మ్యాచ్‌కు ఫీజు కట్టేది వాళ్ళే. ఓడినవాడి వెంట ఇంకో రకం మనుషులు కూడా పడతారు. పోయిన డబ్బు రాబట్టిస్తాం, ముందు కొంత కట్టమంటారు. అదీ పోయినట్టే.

ఇప్పుడు ఇంటి సంగతి. "ఎంత పోగొట్టావురా?" అని అరుపుతో మొదలైన ఇంట్లో అసలు అంకె ఎప్పటికీ బయటికి రాదు. మొదట చెప్పే అంకె చాలాసార్లు నిజంలో సగం కూడా ఉండదు. ఆ రాత్రి అంకె అవసరం లేదు. అన్నం పెట్టండి. ఒంటరిగా గదిలో పడుకోనివ్వకండి. తెల్లారాక, ఫజర్ నమాజు తర్వాత, ఇంట్లో అతను ఎక్కువగా నమ్మే మనిషి ఒక్కరే కూర్చుని మాట్లాడండి. అమ్మీ కావచ్చు, అన్న కావచ్చు, మేనమామ కావచ్చు. పదిమంది చుట్టూ చేరితే అది పంచాయితీ అవుతుంది. "నేను లేకపోతే మీకు ఏ బాధా ఉండదు" లాంటి మాట నోటి నుంచి వస్తే దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఉచిత సేవ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. జూదం మానలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడంలో పరువు తక్కువేమీ లేదు. షుగరుకు తీసుకెళ్ళమా?

మనసు కాస్త కుదుటపడ్డాక పనులు మొదలవ్వాలి. మొదటిది, దారులు మూసేయడం. యాప్‌లు తీసేయాలి, గ్రూపుల్లోంచి బయటికి రావాలి, యూపీఐలో రోజువారీ పరిమితి తగ్గించుకోవాలి. కొన్ని నెలలపాటు జీతం ఇంట్లో ఇంకొకరి ఖాతాలోకి వెళ్ళాలి. ఇది అతని ఒప్పుదలతో జరగాలి, లాక్కుంటే రెండో ఫోను కొంటాడు. మ్యాచ్ నడిచే సాయంత్రాలకు ఒక పని పెట్టాలి. ఖాళీ చేతికి ఫోనే గుర్తొస్తుంది.

రెండోది, అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయడం. నాలుగు వరసలు గీయండి: బుకీకి ఇవ్వాల్సింది, స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్ళు, లోన్ యాప్‌లు, బ్యాంకు లేదా నగల తాకట్టు. ఈ నాలుగూ ఒకటి కావు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. దాని మీద వసూలుకు కోర్టులో దావా వేయడానికి వీల్లేదు. కాబట్టి బుకీ బాకీ కోసం భార్య నగలు అమ్మకండి. బెదిరిస్తే వకీలును వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళండి. స్నేహితుడి చేబదులు, బ్యాంకు అప్పు మాత్రం అప్పే, తీర్చాల్సిందే. లోన్ యాప్‌ల విషయంలో, రిజర్వు బ్యాంకు పరిధిలోని సంస్థల ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోను చేయకూడదని 2022లో ఆదేశాలున్నాయి. సంస్థ పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకుకు ఎలా ఫిర్యాదు చేయాలో చెప్పే నంబరు 14448. నకిలీ యాప్ డబ్బు మింగేస్తే వెంటనే 1930కి చెప్పాలి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు పట్టుకోవడం కష్టమవుతుంది.

చట్టం కూడా మారింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. నడిపేవారికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. ప్రచారం చేసేవారికి రెండేళ్ళు, యాభై లక్షలు. అదే ఏడాది మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినీ, యూట్యూబ్ ప్రముఖులపై హైదరాబాద్‌లో పోలీసులు కేసులు పెట్టారు. అయినా వీధి చివర బుకీ ఉన్నాడు, విదేశీ సైటు ఉంది. చట్టం ఒక తలుపు మూస్తుంది, మిగతావి ఇంట్లో మూసుకోవాలి.

ఇప్పుడు మీ సొమ్ము మాట. "హలాల్ సంపాదనలోంచి మేమిచ్చిన డబ్బు జూదరికి ఎందుకు?" అని మీలో కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలను సూరా తౌబా 60వ ఆయత్ పేర్కొంటుంది. వాటిలో రుణగ్రస్తులు ఒక వర్గం. చెడ్డపని కోసం అప్పు చేసినవాడైతే ముందు తౌబా ఉండాలని చాలామంది ఫుఖహాల అభిప్రాయం. ప్రతి కేసులోనూ మేము ఉలమాను సంప్రదించాకే ముందుకు వెళతాము.

మేము పెట్టుకున్న పద్ధతి ఇది. నగదు అతని చేతికి ఇవ్వము, అతని అనుమతితో అప్పిచ్చినవారికే కడతాము. బుకీకి ఒక్క పైసా కట్టము. నాలుగు వరసల కాగితం పూర్తిగా నింపి, ఇంట్లో ఒకరి ముందు సంతకం పెట్టాలి. ముందుగా పిల్లల ఫీజు, ఇంటి అద్దె, తిండి నిలబెడతాము. ఆ తర్వాతే అప్పు. అదీ ఒకేసారి మొత్తం తీర్చము. బంధువులందరూ చందాలు వేసుకుని అల్లుడి అప్పు ఒక్కరోజులో తీర్చేసిన కుటుంబం ఒకటి మాకు తెలుసు. బాకీ లేదు కదా అని మళ్ళీ అప్పు పుట్టింది. తర్వాతి సీజన్ ముగిసేలోపే మళ్ళీ అంత బాకీ. ఈసారి చందా అడగడానికి ఆ మామగారికి ముఖం చెల్లలేదు. అందుకే నెలకు అతను ఎంత కడితే సంఘం కూడా ఖర్జె హసనాగా అంత కలుపుతుంది. అతని నెల ఆగితే మాదీ ఆగుతుంది. అతని పేరు ఈ సంచికలో గానీ, నోటీసు బోర్డు మీద గానీ ఎక్కడా కనిపించదు.

దాతలకు మా విన్నపాలు మూడు. ఒకటి, మీలో షాపులు, వర్క్‌షాపులు ఉన్నవారు సాయంత్రం పూట పని ఇవ్వండి. ఇలాంటివాడికి చందా కంటే పని ఎక్కువ మేలు చేస్తుంది. రెండు, మీలో ఇలాంటివారికి చేబదులు ఇచ్చినవారు ఉంటారు. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే మరీ మంచిదని సూరా బఖరా 280వ ఆయత్ బోధిస్తుంది. మొత్తం వదులుకోమని అడగడం లేదు. ఏడాది గడువు ఇవ్వండి. మూడు, మీ ఇంట్లో ఇది జరిగితే దాచకండి. దాచిన నెలల్లో అప్పు పెరుగుతుంది.

ఇంకొక్క మాటతో ముగిస్తాము. రా, జూదమాడదాం అని తోటివాడిని పిలిచినవాడు సదఖా ఇవ్వాలని దైవప్రవక్త (స) బోధించినట్టు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. మా దగ్గర కోలుకుంటున్న వారికి ఈ సంగతి చెప్పి, కూలి డబ్బుల్లోంచి నెలకు పది రూపాయలైనా సదఖా పెట్టెలో వేయమంటాము. ఆ పది రూపాయలతో సంఘానికి ఒరిగేది తక్కువే. పోయిన డబ్బు పోయిందని ఒప్పుకుని, చేతిలో ఉన్నది లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టినవాడే ఆ పది వేయగలడు. అలా వేసిన వారి పది రూపాయలు కూడా ఈ ఏడాది లెక్కల్లో మీ వేలతో పాటు ఒకే పద్దు కింద కలిసి ఉన్నాయి.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, మన పిల్లలను ఈ ఊబి నుంచి కాపాడుగాక. ఆమీన్.