త్రాగిన మరునాడు

పెండ్లి జరిగినను, జాతర జరిగినను, మరునాటి ఉదయము కొన్ని ఇండ్ల తలుపులు ఆలస్యముగ తెరచుకొనుట నంద్యాలలోను ఆళ్లగడ్డలోను అందరెరిగినదే. లోపల ఒకరు తలకు తువ్వాలు బిగించి కట్టుకొని, వెలుతురు పడనీయక, పలుకరించినవారిపై విసుగుకొనుచు పండుకొని యుందురు. ఇంటివారికి అది సిగ్గు. ఇరుగుపొరుగువారు అడిగినచో జ్వరమని చెప్పుదురు. డాక్టరు నడుగుటకు మొగమాటపడుదురు. అందుచేత తోచిన చిట్కా లన్నియు ఆ మనిషిపైననే ప్రయోగింపబడుచుండును. త్రాగుడు మానవలెనన్న ఉపన్యాసములు శ్రోతలు చాలినన్ని విని యున్నారు. త్రాగిన మరునాడు ఆ మనిషిని ఇంటిలో ఎట్లు చూచుకొనవలెను, ఎప్పుడు ఇంటిలో ఉంచుకొనరాదు అనునదే మేమీ పూట చెప్పదలచిన సంగతి.

ఈ బాధ మనవారికి క్రొత్తది కాదు. చరకసంహిత చికిత్సాస్థానమున మదాత్యయమునకు ప్రత్యేకముగ ఒక అధ్యాయమే కలదు. సుశ్రుతసంహితలో పరమదమను పేర చెప్పిన లక్షణములు చూడుడు: ఒడలు బరువు, నోటికి రుచి లేకుండుట, దప్పిక, తలనొప్పి, కీళ్ల నొప్పులు. తువ్వాలు కట్టుకొన్న మన మనిషికి ఇంతకంటె వేరు వర్ణన అక్కరలేదు.

కడుపులోనికి పోయిన మద్యమును విరిచివేయు పని ప్రధానముగ కాలేయముది. అది మొదట దానిని ఎసిటాల్డిహైడు అను విషపదార్థముగ మార్చి, పిదప దానిని హాని లేని పదార్థముగ మార్చును. ఈ పనికి తొందర తెలియదు. గంటకు సుమారు 7, 8 గ్రాముల మద్యసారము మాత్రమే సాగును. మనిషిని బట్టి కొంత హెచ్చుతగ్గులుండును. మన దుకాణములలో అమ్ము క్వార్టరు సీసా 180 మిల్లీలీటర్లు. నూటికి 42.8 వంతులు మద్యసారము గల సరకైనచో, అందు సుమారు 60 గ్రాముల మద్యసారముండును. రాత్రి పదకొండు గంటలకు ఒక క్వార్టరు ముగించినవాని కాలేయము ఉదయము ఏడు గంటల దాక ఆ పనిలోనే యుండును. రెండు క్వార్టర్లైనచో మధ్యాహ్నము మూడు గంటలు. చన్నీళ్ల స్నానముగాని, కాఫీగాని, నిమ్మకాయగాని ఈ లెక్కను ఒక్క గంటయైనను తగ్గింపజాలవు.

తెల్లవారి ముఖము కడుగుకొని, మత్తు దిగినదని చెప్పి, నంద్యాలనుండి ఆళ్లగడ్డకు 40వ నంబరు జాతీయ రహదారిపై మోటారుసైకిలు నడుపువారు ఈ లెక్క గుర్తుంచుకొనవలెను. నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములు మించినచో చట్టరీత్యా నేరము. ఆళ్లగడ్డ శిల్పుల కొట్టములలో యంత్రముతో రాయి కోయువారికి చట్టము మాట అటుంచి, వ్రేళ్లు మిగులవలెను గదా! ఆనాటికి పని మానుకొనుటయే మేలు.

తలనొప్పికి కారణము ఒక్కటి కాదు. మూత్రము నదుపుచేయు హార్మోనును మద్యము అణచుటచే శరీరములోని నీరు పోవును; కడుపు పొర రేగును; నిద్ర పట్టినట్లే యుండి చెడిపోవును; రక్తములో చక్కెర తగ్గవచ్చును. కనుక ఇంటిలో చేయదగినది ఏదనగా ఈ నష్టములను పూడ్చుటయే. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ కొంచెము కొంచెముగ పదేపదే ఇవ్వవలెను. మజ్జిగ నిలువనిచో, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చును. వాంతి తగ్గిన పిమ్మట జొన్న అంబలి చాల మంచిది. కారపు కూర, వేపుడు, మాంసపు పులుసు ఆనాటికి వద్దు. నోటికి ఏమియు రుచింపదని మిరపకాయబజ్జీలు తెప్పించువారున్నారు, అది పుండుపై కారము చల్లుటయే. మే నెలలో మా ప్రాంతమున నలుబది డిగ్రీలు దాటు ఎండలో, ఒంటిలో నీరు తగ్గినవానిని పొలమునకు పంపుట వడదెబ్బను కోరి తెచ్చుకొనుట. చీకటి గది, నిద్ర, నీరు. ఇంతే మందు. 2005లో బ్రిటిషు మెడికల్ జర్నలులో వెలువడిన సమీక్ష, అంతవరకు పరీక్షించిన మందులలో దేనికిని నమ్మదగిన గుణము కనబడలేదని తేల్చినది. ఆస్పిరిన్ రేగిన కడుపును మరింత రేపును. పారాసిటమాల్ అలసిన కాలేయమునకు భారము. మధుమేహమునకు మందు వాడువారి విషయము వేరు. వారికి చక్కెర పడిపోవుట ప్రమాదకరము, డాక్టరుకు చెప్పితీరవలెను.

ఉదయమే మరియొక గుక్క పోసినచో నొప్పి పోవునని కొందరందురు. కొంతసేపు పోవుట నిజమే. అది బాకీని వాయిదా వేయుట. ఈ గుక్క అలవాటైన ఇంటివారు ఇక్కడ ఆగి ఆలోచింపవలెను. ఒకనాడు మితిమీరి త్రాగినవాని తలనొప్పి వేరు, ప్రతిదినము త్రాగువానికి మద్యము అందక వచ్చు వణకు వేరు. మొదటిది సాధారణముగ ఒక్కనాటిలో తగ్గును. రెండవది పెరుగును. చేతులు వణకుట, చెమటలు, గుండెదడ మొదలై, రెండు దినములలోపల మూర్ఛ రావచ్చును. రెండు మూడు దినములకు లేనివి కనబడుట, మతి తప్పుట సంభవింపవచ్చును. ప్రాణమే పోవచ్చును. దీనిని మజ్జిగతో చూచుకొనరాదు. పట్టుదలతో ఒక్కసారిగ మాన్పించుటయు ఇంటిలో చేయదగిన పని కాదు. ఆయనకు తెలియకుండ అన్నములో మాన్పుడు మాత్రలు కలుపు ఇల్లాండ్రు కలరు. వారి బాధ మాకు తెలియును. కాని ఆ మాత్రపై మద్యము పడినచో మనిషి కుప్పకూలవచ్చును.

చట్టములు వచ్చినవి, పోయినవి. 1948లో మదరాసు రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చెను. 1954లో కర్నూలు శాసనసభలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఈ మద్యనిషేధపు చర్చలోనే ఒక్క ఓటుతో పడిపోయెను. 1995లో మరల సంపూర్ణ నిషేధము పెట్టి, 1997లో సడలించిరి. 2020 జులై చివర, కరోనా కట్టడిలో దుకాణములు మూయగా, ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యము దొరకక చేతులు శుభ్రపరచు ద్రవమును త్రాగి పదిమందికి పైగా మరణించిరి. వారి అవసరము తలనొప్పి తగ్గుట కాదు. ఆ రెండవ వ్యాధి ఎంత బలమైనదో దానివలన తెలియును.

పిలిచినను, గిల్లినను లేవకున్నను, శ్వాస మిక్కిలి నెమ్మదించినను, పెదవులు నీలివడినను, మూర్ఛ వచ్చినను, వాంతిలో రక్తము పడినను, చూపు మసకబారినను ఆలస్యము చేయరాదు. మసకచూపు కల్తీ మద్యములోని మిథనాలు గుర్తు. 108కి ఫోను చేసి, బండి వచ్చువరకు మనిషిని ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను. వెల్లకిల పండుకొన్నవాడు తన వాంతియే గొంతులో అడ్డుపడి చనిపోవచ్చును. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల కూడ ఏర్పడినది. అచ్చట జ్వరమని చెప్పక, ఎన్ని ఏండ్లనుండి, దినమునకు ఎంత, చివరిగుక్క ఎప్పుడు అనునవి ఉన్నదున్నట్లు చెప్పవలెను. సీసాలో అడుగున ఏమైన మిగిలియున్నచో పారబోయక వెంట తీసికొని పోవలెను.