జాబితా చదివితే సరిపోదు, గోడ మీద రాయాలి

(నారాయణఖేడ్‌లో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కలుపు పనులు విడిచిపెట్టి వచ్చారు, కాబట్టి మాట సాగదీయం.

ఈరోజు యూరియా గురించి కాదు, పత్తి ధర గురించి కాదు. సర్కారు మన పేరు మీద ఇస్తున్న పైసల గురించి. ఎవరికి వచ్చింది, ఎంత వచ్చింది, రాని వాళ్లకు ఎందుకు రాలేదు. ఈ మూడు సంగతులు ఊరందరికీ కనబడేటట్టు పెట్టాలని మన సంఘం అడుగుతున్నది.

2025 జనవరి 21 నుంచి 24 వరకు రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టారు, మీకు యాదుండే ఉంటుంది. రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, నాలుగింటికీ కలిపి. సర్పంచులు దిగిపోయి అప్పటికి ఏడాది కావస్తున్నది, ప్రత్యేకాధికారులే సభలు నడిపించారు. సభ పెట్టి పేర్లు చదవడం మంచి పని, ఆ మాట ముందే చెప్తున్నాం. చాలా పథకాలకు అది కూడా జరగదు. కానీ మేం సంఘం తరఫున కూర్చుని విన్న సభల్లో పేర్లు గబగబా చదివారు. మైకు ఒకసారి పనిచేసింది, ఒకసారి చేయలేదు. పేరు ఉన్నవాళ్లు లేచి వెళ్లిపోయారు. పేరు లేనివాళ్లు అడిగితే "మళ్లీ దరఖాస్తు పెట్టుకో" అన్నారు. ఎందుకు లేదో చెప్పే కాగితం అక్కడ ఎవరి చేతిలోనూ లేదు.

ఇంకో సంగతి చూడండి. ఆత్మీయ భరోసా ఎవరికి? భూమి లేని వ్యవసాయ కూలి కుటుంబానికి, ఏడాదికి 12 వేలు. 2023-24లో ఉపాధి హామీ కింద కనీసం 20 రోజులు పని చేసి ఉండాలన్నారు. మన దిక్కు భూమి లేని కూలీలంటే ఎవరు? దీపావళి దాటితే పిల్లాజెల్లాతో చెరకు కొట్టడానికి పోయేవాళ్లే కదా. కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద దిక్కు తండాల్లో జనవరి నెలలో ముసలివాళ్లు, మేకలు తప్ప ఎవరుంటారు? ఎవరి పేరు ఉందో లేదో చూసుకోవాలో వాళ్లే ఊళ్లో లేని రోజున జాబితా చదివారు. వాళ్లు చెరకు కొట్టి తిరిగి వచ్చేసరికి షామియానా లేదు, జాబితా లేదు, అభ్యంతరం చెప్పే గడువూ లేదు. వలస పోయినందుకే 20 రోజుల లెక్క తగ్గింది, వలస పోయినందుకే ఆ సంగతి తెలియలేదు. నోటితో చదివింది ఆ పూటకే. గోడ మీద రాస్తే హోలీకి వచ్చినవాడు కూడా చదువుకుంటాడు, చదువు రానివాడు బడి పిల్లతో చదివించుకుంటాడు.

రైతుబంధు సంగతి కూడా ఇట్లాంటిదే. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైంది. మొదటి పంటకు ఎకరాకు 4 వేల చొప్పున చెక్కులు ఇచ్చారు. ఊరి నడుమ టేబుల్ వేసి పేరు పిలిచి ఇచ్చారు. ఎవరికి ఎన్ని వేలు, ఎవరికి ఎన్ని లక్షలు అని ఊరంతా చూసింది. పట్నంలో ఉండి ఏళ్ల తరబడి మొఖం చూపించని దొర కూడా చెక్కు కోసం కారేసుకొని వచ్చాడు. ఆ రోజే కదా కౌలుకు చేసేవాడికి కడుపు మండింది! రెండో పంట నుంచి పైసలు నేరుగా ఖాతాల్లో పడ్డాయి. బ్యాంకు చుట్టూ తిరిగే బాధ తప్పింది, సంతోషం. కానీ దాంతోపాటు ఊరి కన్ను కూడా పోయింది. తర్వాత ఎకరాకు 5 వేలయింది, ఇన్ని ఎకరాల దాకానే అనే హద్దు మాత్రం పెట్టలేదు. గుట్టలకు, రోడ్లకు, ప్లాట్లు చేసిన భూములకు కూడా పైసలు పోయాయని సర్కారే ఒప్పుకొని 2025 జనవరిలో సర్వే చేయించింది. ఏ సర్వే నంబరులో సాగు ఉన్నదో, ఏది ప్లాట్లయిందో గొర్లు కాసే పిల్లగానికి తెలుసు. ఏటా పంచాయతీ గోడ మీద రాసి ఉంటే ఆ సర్వేకు ఏడేండ్లు పట్టేది కాదు.

రుణమాఫీకి వస్తే, 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 దాకా ఉన్న పంట అప్పు, కుటుంబానికి 2 లక్షల వరకు. 2024 జులై 18న, జులై 30న, ఆగస్టు 15న విడతలవారీగా ఇచ్చారు. మాఫీ కాని వాళ్లతో మేం తిరిగాం. ఒక ఆఫీసులో బ్యాంకును అడగమన్నారు, బ్యాంకులో ఆఫీసును అడగమన్నారు. నాలుగు రోజుల కైకిలు పోయాక తెలిసింది ఏమిటంటే ఆధార్‌లో ఒక పేరు, పాసుబుక్కులో ఒక పేరు. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా! ఆ ముక్క జాబితాలో పేరు పక్కన రాస్తే ఎవరి సొమ్ము పోయింది?

ఇది మనం బతిమాలి అడిగేది కాదు. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉంది. మనకు అలవాటైంది ఆరో సెక్షన్, అంటే దరఖాస్తు పెట్టి అడగడం. నాలుగో సెక్షన్ చదవండి. 4(1)(బి)లో 12వ అంశం ఏం చెప్తుందంటే, సబ్సిడీ పథకం ఎట్లా నడుస్తున్నది, ఎంత కేటాయించారు, లబ్ధిదారులు ఎవరు అనేది ఎవరూ అడగకుండానే ఆఫీసే బయటపెట్టాలి. అదే సెక్షన్ కింద స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో జనానికి అందే పద్ధతిలో చెప్పాలని కూడా ఉంది. నోటీసు బోర్డు మాట చట్టంలోనే ఉంది. "ఆన్‌లైన్‌లో ఉంది, చూసుకోండి" అంటే పని అయిపోయినట్టు కాదు. పీఎం కిసాన్ జాబితా ఊరి పేరు కొడితే ఫోన్‌లో వస్తుంది, నిజమే. మన ఊళ్లో ఎంతమంది ముసలి రైతులు అది తెరవగలరు?

జాబితా ఊరి నడుమ పెడితే ఏమవుతుందో మనం చూడనిది కాదు. మన పాత మెదక్ జిల్లా 2006లో మొదటి విడతలోనే ఉపాధి హామీలోకి వచ్చింది. ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం సామాజిక తనిఖీ పెట్టారు. మస్టరు పట్టుకొని ఇంటింటికీ వచ్చి "నీ పేరు మీద ఇన్ని రోజులు రాసి ఉంది, నువ్వు చేశావా, పైసలు ముట్టాయా" అని అడిగారు. ఆ తర్వాత గ్రామసభ, మండలంలో ప్రజావేదిక. చనిపోయిన వాళ్లు పనికి వచ్చినట్టు రాసిన మస్టర్లు బయటపడ్డది ఆ పద్ధతిలోనే. తిన్నదంతా వసూలు కాలేదు, అది వేరే గొడవ. కానీ మస్టరు చూసే హక్కు ఉందని కూలికి తెలిసింది. రాజస్థాన్‌లో 1994లోనే కూలీలు ఊరి బిల్లులు బహిరంగంగా చదివించి నిలదీశారు, సమాచార చట్టం కోసం 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. ఈ చట్టం వెనక వాళ్ల చెమట ఉంది.

ఇప్పుడు కొత్త అడ్డంకి వచ్చింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కులోని 8(1)(జె)ని మార్చేసింది. "ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వం" అనడానికి దారి వెడల్పయింది. ఇట్లా జవాబు వస్తే ఇంటికి రాకండి. ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఇవ్వవచ్చని చెప్పే 8(2) ఇంకా ఉంది, నాలుగో సెక్షన్ లబ్ధిదారుల ముక్కను ఎవరూ తీసేయలేదు. అప్పీలులో ఈ రెండూ రాయండి.

అయితే వ్యక్తిగతం అనేది వట్టి సాకు మాత్రమే అని మేం అనం. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఫోన్ నంబరు గోడకెక్కితే మోసగాళ్ల పండుగ. అవి వద్దు. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఎకరాలు, మొత్తం, రాకపోతే కారణం, ఇంతే చాలు. యూరప్‌లో కూడా ఈ తగాదా నడిచింది. రైతు సబ్సిడీ తీసుకున్న ప్రతి ఒక్కరి పేరు తేడా లేకుండా వేయడం ఎక్కువని వాళ్ల కోర్టు 2010లో కొట్టేసింది. 2013లో మళ్లీ చట్టం చేసి పేర్లు, మొత్తాలు వేస్తున్నారు, 1,250 యూరోల లోపు తీసుకున్న చిన్న రైతు పేరు మాత్రం వేయక్కర్లేదన్నారు. మన దగ్గర ఆ మినహాయింపు పనికిరాదని మా అభిప్రాయం. ఇక్కడ పేరు తప్పిపోయేది చిన్న రైతుదే, కూలిదే. కనబడాల్సింది ముందు వాళ్ల పేరే.

ఇంకొకటి, కొంచెం చేదు మాట. జాబితా గోడకెక్కితే మన పేర్లూ ఎక్కుతాయి. పడావు భూమికి పైసలు తీసుకున్నవాళ్లు ఈ సభలో లేరని మేం ప్రమాణం చేయలేం. కౌలుకిచ్చి సాయం తాను తీసుకుంటున్న వాళ్లూ ఉన్నారు. 2011లో కౌలుదార్లకు కార్డుల చట్టం వచ్చింది, ఆ కార్డులు ఎంతమందికి అందాయో పక్క రైతును అడగండి. మనవి దాచుకొని పక్కోడివి చూపించమంటే ఎవరూ నమ్మరు. అందుకే మండల కమిటీ ఒక నిర్ణయం చేసింది. సంఘం వసూలు చేసిన సభ్యత్వం, చందాలు, ఖర్చు, పైసాతో సహా ఈ పత్రికలో వేస్తాం, ఈ హాలు బయట కూడా అంటిస్తాం. లెక్కలో తప్పుంటే మా గల్లా పట్టుకోండి.

మన నియమాల ప్రకారం ఊరి స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల కాగితం చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు, అది కూడా కాకపోతే 90 రోజుల్లో కమిషన్‌కు. రసీదు తీసుకోకుండా కాగితం ఇవ్వకండి, ఈ తప్పు మేం రెండుసార్లు చేశాం.

చాయ్ వస్తున్నది. తాగినాక ఊరివారీగా కూర్చుందాం, ప్రతి ఊరికి ఒక దరఖాస్తు ఇక్కడే రాద్దాం. రాయడం రానివాళ్ల పక్కన ఇంటర్ చదివే పిల్లలను కూర్చోబెట్టాం. తండాల వాళ్లు ముందుకు రండి, దీపావళి లోపు మీవి పడాలి.