తల వంచొద్దు, కాగితం అడగాలె

(ఆర్మూర్‌ల డిగ్రీ విద్యార్థుల ముంగట చేసిన ప్రసంగ పాఠం)



సర్కారు కొలువుల గురించి మనం ఏండ్ల తరబడి మాట్లాడినం. 1985 నాటి 610 జీవో నుంచి, 2018 రాష్ట్రపతి ఉత్తర్వులల్ల స్థానికులకు దక్కిన 95 శాతం దాకా లెక్కలన్నీ మనకు నోటికొస్తయి. కానీ పట్టా చేతికొచ్చినంక మన పిల్లలు చానామంది పోతున్నది పెద్ద రిటైల్ కంపెనీల ఇంటర్వ్యూలకు. ఆ గదిల ఈ ఉత్తర్వులేవీ చెల్లయి. అందుకే ఆ ముచ్చట చెప్పుకోవాలె.

2011 సకల జనుల సమ్మెల రోడ్ల మీద కూసున్నోళ్లమే మేం కొందరం ఆర్మూర్ నుంచి హైదరాబాద్‌ల ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూకు పోయినం. మొదలు కూడికలు, శాతాల పరీక్ష పెట్టిండ్రు. తర్వాత పదిమందిని గుండ్రంగ కూసోబెట్టి మాట్లాడుమన్నరు. ఆఖరుకు అసలు ఇంటర్వ్యూ. "మీ గురించి ఇంగ్లిష్‌లో చెప్పండి." "గిరాకీ కోపానికొస్తే ఏం చేస్తారు?" "పండుగ రోజు డ్యూటీకి వస్తారా?" "పొద్దంతా నిలబడగలరా?" ఇవీ ప్రశ్నలు.

మాతోని వచ్చినోళ్లల్ల ఒకడు పసుపు రైతు కొడుకు. తవ్వుడు, ఉడకబెట్టుడు, ఎండబోసుడు, పాలిష్ పట్టుడు అన్నీ చేసినోడు. కొమ్ము విరిచి చూస్తే సరుకు సంగతి చెప్తడు. తడి ఆరని పసుపు బస్తాకెత్తితే బూజు పడ్తదని ఎరుకున్నోడు. ఆ కంపెనీ కూడా పసుపు పొట్లాలు అమ్ముతది. కానీ ఆ ముచ్చట ఒక్కటి అడగలే. "కమ్యూనికేషన్ సరిపోదు" అని తోలిచ్చిండ్రు. కొట్టుకొచ్చే గిరాకీ మాట్లాడేది తెలుగు. మరి అమ్మెటోని తెలుగు ఎందుకు పనికిరాదు?

ఎంపికైనోళ్ల కష్టం ఇంకో తీరు. కొలువు కంపెనీల అన్నరు, కాగితం మీద ఏజెన్సీ పేరున్నది. చెప్పిన జీతం ఒకటి, చేతికొచ్చింది ఒకటి. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా సుత కలిపి పెద్ద అంకె చెప్పిండ్రు. మన వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం అండ్లకెళ్లే కోసిండ్రు.

అందుకే చెప్తున్నం. ఇంగ్లిష్ నేర్సుకోవాలె, కానీ రానందుకు సిగ్గుపడొద్దు. మీకు తెల్సిన పని గురించి వాళ్లు అడగకపోయినా మీరే చెప్పాలె. గది నుంచి లేసే ముందు నాలుగు మాటలు అడగాలె. మేం కంపెనీ మనుషులమా, ఏజెన్సీ మనుషులమా? కోతలు పోను చేతికెంత? వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు వేతనం ఇస్తరా? నియామక పత్రం ఎప్పుడిస్తరు? ఈ పత్రం వాళ్ల దయ కాదు. 2025 నవంబర్ 21 నుంచి అమలుకొచ్చిన కార్మిక స్మృతుల కింద అది ఇయ్యాల్సిందే.

అడిగితే కొలువు పోతదేమోనని భయపడేటోళ్లున్నరు. 2019 లోక్‌సభ ఎన్నికలల్ల నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు బరిల నిలబడి పసుపు బోర్డు అడిగిండ్రు. ఒక్కరూ గెలవలే. కానీ 2025 జనవరిల బోర్డు నిజామాబాద్‌ల మొదలైంది. ఒక్కడు అడిగితే బయటికి పంపుతరు. వరుసల ఉన్నోళ్లందరూ అదే మాట అడిగితే ఎంతమందిని పంపుతరు?